వానలో అరగంట

"వాన పడుతుంటే పిల్లల్ని బయటికి వదలం. అది మా బడి నియమం" అని హెడ్‌మిస్ట్రెస్ హిల్డా మూడోసారి చెప్పింది.

"రోజుకి అరగంటైనా పిల్లలు పరుగులు తీయాలి మేడమ్. అది ప్రభుత్వ నియమం" అన్నాడు తనిఖీకొచ్చిన ప్రౌట్. "కళ్ళారా చూస్తేనే నేను సంతకం పెట్టేది."

ఆ సంతకం పడకపోతే ఆటలకొచ్చే గ్రాంటు ఆగిపోతుంది. గ్రాంటు ఆగితే ఆటలు నేర్పే టామ్సిన్ వెళ్ళిపోతుంది. టామ్సిన్ అంటే పిల్లలకు ప్రాణం. ఆమె క్లాసున్న రోజు జ్వరమొచ్చినా ఇంట్లో చెప్పరు.

లాంకషైర్‌లో వాన వెలిసేదాకా ఆగుదామనుకుంటే జుట్టు నెరుస్తుంది. పోనీ హాల్లో ఆడిద్దామంటే అప్పటికే భోజనాల బల్లలు వేసేశారు. పిల్లలంతా గదుల్లో కూర్చుని, వానరోజుల్లో ఎప్పుడూ చూసే బొమ్మల సినిమానే మళ్ళీ చూస్తున్నారు. ప్రౌట్ తలుపు అద్దంలోంచి కాసేపు వాళ్ళనే చూసి నిట్టూర్చాడు. చేతులు కడుక్కొస్తానని నడవలోకి వెళ్ళాడు.

హిల్డాకి టామ్సిన్ ముఖం చూడాలంటే మనసొప్పలేదు.

అప్పుడు మోగింది అగ్నిప్రమాదం గంట.

అది మోగితే వానైనా వడగళ్ళైనా అందరూ మైదానంలోకి రావాల్సిందే. పేర్లన్నీ పిలిచి లెక్క తేలేదాకా ఒక్కరూ లోపలికి పోకూడదు. అదీ నియమమే. పిల్లలు బుద్ధిగా వరసల్లోనే బయటికొచ్చారు. పేర్లు పిలవడం మొదలవగానే ఎవరిదో కాలు నీటిగుంటలో పడింది. ఇక పట్టపగ్గాల్లేవు. టామ్సిన్ ఆట మొదలన్నట్టు ఈల వేసింది. గుంట నుంచి గుంటకు దూకుళ్ళు, మైదానం చుట్టూ పరుగులు, బురదలో జారుళ్ళు.

ముసలి కేర్‌టేకర్ క్లెగ్ బడంతా వెతికొచ్చి, మంటా లేదు పొగా లేదు, ఎవరో గంట డబ్బా అద్దం పగలగొట్టి మోగించారని చెప్పాడు. పిల్లలూ టీచర్లూ అందరూ లెక్కకొచ్చారు. సందర్శకుల పుస్తకంలో ఒక్క పేరు మిగిలిపోయింది. ప్రౌట్. రెండుసార్లు పిలిచారు, మూడోసారీ పలకలేదు. ఆయన దొరికేదాకా ఎవరూ లోపలికి పోవడానికి లేదు. పిల్లలకు అంతకంటే ఏం కావాలి?

చివరికి సైకిళ్ళ షెడ్డు వెనకనుంచి తాపీగా వచ్చాడాయన, కుడిచెయ్యి కోటు జేబులో పెట్టుకుని. వాన చప్పుడుకి తన పేరు వినపడలేదన్నాడు.

లోపల గదుల్ని వెచ్చబరిచే రేడియేటర్ల నిండా తడి మేజోళ్ళు. పిల్లల బుగ్గలన్నీ ఎర్రగా కందిపోయాయి. హిల్డా సంతోషం పట్టలేక క్లెగ్‌ని పక్కకు పిలిచింది.

"మీ మేలు మర్చిపోను. గంట మోగించింది మీరేగా?"

"నేనా? మీరే అనుకుని ఇందాకే మీకు టోపీ తీసి సలాం కొట్టాను తల్లీ."

ఇద్దరూ తెల్లమొహాలు వేశారు. అటు ప్రౌట్ కాగితం మీద ఎడంచేత్తో వంకరటింకరగా రాస్తున్నాడు. 'ముప్పయ్యారు నిమిషాలు. కదలకుండా కూర్చున్న పిల్లలు ఒక్కరూ లేరు.' కింద సంతకం పెట్టి హిల్డా చేతికిచ్చాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి తిరిగి, జేబులోంచి కుడిచెయ్యి తీశాడు.

"చిన్న ప్లాస్టర్ ముక్కేదైనా ఉంటే ఇప్పిస్తారా మేడమ్? మీ గంట డబ్బా అద్దం మహా గట్టిది."