మరమనిషి మరిగించిన టీ

"పోటీలోనే టీ ఉంది. ఇక మనకి భయమెందుకే?" అన్నాడు టీ మాస్టరు, గిన్నె తోముతున్న భార్యతో.

భయం ఉంది. గొంతుదాకా ఉంది.

ప్రదర్శనశాల వెనక గుమ్మాన్ని ఆనుకుని, హాలువాళ్ళ జాగాలోనే ఆయన టీ కొట్టు. పెళ్ళయిన ఏడాదే పెట్టాడు. ఈసారి ఆ హాల్లో ప్రాంతీయ సాంకేతిక ఉత్సవం పెట్టారు. ఒక కుర్ర ఇంజనీరు టీ కాచే మరమనిషిని తెచ్చాడు. మనిషి టీకీ మర టీకీ పోటీ అన్నారు నిర్వాహకులు. అంతటితో ఊరుకోలేదు. గెలిచినవాళ్ళదే ఆ కొట్టు అన్నారు. మర గెలిస్తే మాస్టరు గుమ్మం ఖాళీ చేయాలి.

"మరే పాలు మరిగిస్తే మరి మనిషేం చేయాలి బావా?" అని బావమరిది పొద్దుటినుంచీ అడుగుతున్నాడు. "మరుగున పడాలి" అని జవాబు కూడా వాడే చెబుతున్నాడు.

"నోరు ముయ్యరా. స్టవ్వెత్తు" అన్నాడు మాస్టరు. భార్య వైపు తిరిగాడు. "నేనొచ్చేదాకా కొట్టు చూసుకో. చూసుకోవడమంటే చూడటమే. పొయ్యి ముట్టుకోకు. బిస్కెట్లు అమ్ము."

"ఎవరైనా టీ అడిగితే?"

"మాస్టరు లేడని చెప్పు. నీ టీ తాగినవాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కుతాడా?"

"మీరెప్పుడైనా తాగారా?"

"తాగకుండానే తెలుస్తుంది. టీ అంటే చేయి తిరగాలి. నీకు నాలుక తిరిగినట్టు చేయి తిరగదు."

ఆవిడ చేతిలో గిన్నె కాస్త గట్టిగా మోగింది.

హాల్లో ఎటు చూసినా వింతలే. చప్పట్లు కొడితే వెలిగే దీపాలు ఒకచోట. ఇంకొకాయన ఇంటిదారి తెలిసిన చెప్పులు తయారుచేశాడు. అవి ఆయన్ని వదిలేసి ఇంటికి వెళ్ళిపోయాయట. వట్టికాళ్ళతో వెతుక్కుంటున్నాడు.

"బావా, ఈ గొడుగు వాన రాకముందే చెబుతుందట."

"మీ అక్క మబ్బు పట్టకముందే ఉరుముతుంది. పద."

వేదిక మీద మరమనిషి నిలబడి ఉంది. నిగనిగలాడే ఉక్కు పొట్ట, నెత్తిన నీలం దీపం, ముక్కు ఉండాల్సిన చోట కుళాయి. దాని వీపుని కరుచుకుని ఇంజనీరు, పురిటిగది తలుపు దగ్గర మొగుడిలా. చొక్కా నిండా పాల మరకలు.

"పాలే పొంగకుండా కాచలేనివాడి పప్పులు మన దగ్గరేం ఉడుకుతాయిరా" అన్నాడు మాస్టరు ధైర్యం తెచ్చుకుని. దగ్గరికెళ్ళి అడిగాడు. "ఏం బాబూ, నీ మర టీ కాచడం ఎవరి దగ్గర నేర్చుకుంది?"

ఇంజనీరు మర వీపుకి ఇంకాస్త అతుక్కున్నాడు. "తనంతట తనే నేర్చుకుంటుందండీ."

"వెనకేముందో చూడొచ్చా?"

"వద్దండీ. షాక్ కొడుతుంది."

గంట మోగింది. మాస్టరు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కాచాడు. బారెడు ఎత్తునుంచి గిన్నెలోంచి గిన్నెలోకి తిప్పిపోశాడు. నురగ లేచింది. చూడటానికి జనమూ లేచారు.

మరమనిషి కిర్రుమంది. దీపం తిప్పింది. ఒక పాట కూడా పాడింది. చివరికి ముక్కు కార్చింది.

కప్పులకు అంకెలు అంటించి తెర చాటున కూర్చున్న న్యాయనిర్ణేతలకు పంపారు. ఏది ఎవరిదో వాళ్ళకు తెలియదు. వాళ్ళలో పెద్దావిడ మైకు అందుకుంది.

"ఒకటో కప్పు కొలత ప్రకారం ఉంది. తప్పు పట్టలేం. కానీ ప్రాణం లేదు. ఇది కచ్చితంగా మర కాచిందే."

"ఒకటి మనదే కదా బావా?" అని గొణిగాడు బావమరిది.

"తెలుసు. నోర్ముయ్."

"రెండో కప్పులో మనిషి ఉన్నారు" అందావిడ. "ఓర్పు ఉంది. కాస్త కోపమూ ఉంది. పాలతో పాటు ఏళ్ళ తరబడి తనూ మరిగిన చేయి ఇది. మా ముగ్గురి ఓటూ దీనికే."

రెండో కప్పు మరమనిషిదని ప్రకటించగానే హాలు దద్దరిల్లింది. ఆ చప్పట్లకి పక్క స్టాలు దీపాలు వెలిగి ఆరి, ఆరి వెలిగి, ఏం చేయాలో తెలియక ఢామ్మని పేలిపోయాయి. ఇంజనీరు ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

మాస్టరు ఆ రెండో కప్పు లాక్కున్నాడు. మొదటి గుక్క తప్పు పట్టడానికి తాగాడు. రెండో గుక్క తప్పు వెతకడానికి తాగాడు. మూడో గుక్కకి ఎందుకు తాగుతున్నాడో మర్చిపోయాడు.

"ఎలా ఉంది బావా?"

"పోటీ అంటే ఇప్పుడర్థమైందిరా. 'పో' మనకి, 'టీ' దానికి. పద, కొట్టు సర్దుదాం."

కుళాయి కింద ఇంకో కప్పు పట్టుకుని, ఒలకకుండా కొట్టుకి తెచ్చాడు. భార్య గట్టు తుడుస్తోంది.

"ఓడిపోయానే" అన్నాడు. "ఇదిగో, తాగి చూడు. ఇలాంటి టీ ఏడు జన్మలెత్తినా నువ్వు పెట్టలేవు. నేనూ పెట్టలేననుకో. ఇది కాచిన చేతికి దండం పెట్టాలి. దానికి చేతుల్లేవు గనక కుళాయికే పెట్టి వచ్చాను."

ఆవిడ కప్పు అందుకుంది. ఒక గుక్క తాగి, నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసింది.

"చల్లారిపోయిందండీ" అంది కప్పు కింద పెడుతూ, "పొద్దున మీరటు వెళ్ళగానే, వాళ్ళ మర మాడి చచ్చిందని ఆ ఇంజనీరబ్బాయి ఏడుస్తూ వస్తే, చూడలేక పొయ్యి వెలిగించి నేను కాచిచ్చినప్పుడు ఇంకా బాగుంది."