సముద్రం దాటే విమానం

“ఈ మాట ఈ గది దాటకూడదు,” అన్నారు మేడమ్, తలుపు గడియ వేసి వచ్చి.

ప్లానింగ్ మేనేజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మేడమ్ ఆ చిన్న విమాన సంస్థ యజమాని. ఉన్నవి ఆరే విమానాలు, ఆరూ గంటలోపు ప్రయాణాలకే. ఏ విమానం ఏ ఊరికి వెళ్లాలో తేల్చడం మేనేజరు పని. పోయిన ఏడాది ఆ ఉద్యోగానికి ఎందరో ఎగబడితే, మేడమ్ ఏరికోరి తననే తీసుకున్నారని అతనికి లోలోపల గర్వం కూడా ఉంది.

“రెండు పెద్ద విమానాలు అద్దెకు తెద్దాం. సముద్రం దాటి అవతలి రేవు పట్నానికి, మధ్యలో ఎక్కడా ఆగకుండా. ఏమంటారు?”

“పద్నాలుగు గంటల ప్రయాణం మేడమ్! వెళ్లేటప్పుడు నిండినా, వచ్చేటప్పుడు సగం ఖాళీగా రావాలి. ఒకటి మొరాయించిందంటే మారు విమానం కూడా ఉండదు.”

“అవన్నీ చూడ్డానికేగా మీరున్నది! పెద్ద సంస్థవాళ్ల చెవిన పడితే మాత్రం మన కొంప మునుగుతుంది. జాగ్రత్త.”

పెద్ద సంస్థ అనగానే మేనేజరు గుటక వేశాడు. వీళ్లు తిరిగే ఊళ్లకే ఆ సంస్థ నాలుగు భారీ విమానాలు దింపి, టికెట్లు కారుచౌకగా అమ్ముతోంది. ఇలాగే సాగితే ఏడాది తిరక్కుండా ఇక్కడ దుకాణం కట్టేయాల్సిందే. కానీ అతని గుటకకు కారణం వేరే. అక్కడ సరిగ్గా ఇదే పని చేస్తున్నది అతని భార్య తమ్ముడు! ఆ సంగతి చెబితే ఉద్యోగం రాదని ఇంటర్వ్యూలో దాచేశాడు. ఇప్పుడు బయటపడితే వచ్చింది కాస్తా ఊడుతుంది.

అతని నోట్లో నువ్వుగింజ నానదని ఇంటా బయటా పేరు. అలాంటివాడు ఈసారి ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాడు. భార్యకు చెప్పాడు గానీ, భార్యకు చెప్పడం చెప్పడం కిందికి రాదని అతని నమ్మకం. ఆఫీసులో మాత్రం తల పగిలేలా పనిచేసి, ఆ దారిలో లాభం ఎలా తీయాలో ఆలోచిస్తూ కూర్చున్నాడు.

ఒక ఆదివారం బావమరిది భోజనానికి వచ్చాడు.

“ఏం బావా, ఇంకా ఈ ఊరికీ ఆ ఊరికీ తిప్పుకుంటూనే ఉన్నారా? ఆ మాత్రానికి విమానాలెందుకు, బస్సులు చాలవూ?”

భార్య బల్ల కింద మొగుడి కాలు తొక్కింది. మేనేజరు ముద్ద మింగాడు.

“మా తిప్పలేవో మేం పడతాంలే.”

“పాపం! పెద్ద విమానం లోపల ఎలా ఉంటుందో చూడాలనుంటే చెప్పు బావా, దగ్గరుండి చూపిస్తా.”

అంతే. ఈసారి భార్య రెండు కాళ్లతో తొక్కినా లాభం లేకపోయింది.

“నువ్వు చూపించేదేంట్రా! నువ్వే వచ్చి మా విమానం ఎక్కుతావు. సముద్రం దాటి రేవు పట్నానికి, నేరుగా! మీవాళ్లు కలలోనైనా అనుకున్నారా?”

బావమరిది గ్లాసెడు నీళ్లు గటగటా తాగి, ఏదో పని గుర్తొచ్చిందంటూ చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

“ఇప్పుడు కడుపు చల్లబడిందా?” అంది భార్య.

ఆ తర్వాత మేనేజరుకు అన్నం సహించలేదు. కొద్ది వారాలకే పత్రికల్లో వచ్చేసింది. పెద్ద సంస్థ రేవు పట్నానికి నేరుగా విమానాలు వేస్తోందట. అందుకోసం ఈ ఊళ్లలో తిరిగే నాలుగు భారీ విమానాలనూ అటు మళ్లించింది.

మేనేజరు కాళ్లీడ్చుకుంటూ మేడమ్ గదిలోకి వెళ్లాడు. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

“రండి రండి! మన ఆరు విమానాల్లోనూ ఒక్క సీటు ఖాళీ లేదు. ఇక వాళ్లను ఆ సముద్రం మీద ఎగరనివ్వండి.”

“మరి మన పెద్ద విమానాలు?”

“ఎక్కడివండీ? అవి తెచ్చే స్తోమత మనకెక్కడిది?”

మేనేజరు బుర్ర గిర్రున తిరిగింది. పడ్డ కష్టమంతా గాలికి పోయిందన్న ఏడుపు ఒకవైపు, చేసిన తప్పు ఒకవైపు. ఇక ఆపుకోలేక కక్కేశాడు.

“ఆ మాట బయటపెట్టింది నేనే మేడమ్. మా బావమరిది అక్కడే పనిచేస్తాడు. ముందే చెబితే మీరు ఉద్యోగం ఇవ్వరని దాచాను.”

మేడమ్ కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

“మీకు ఉద్యోగం ఇచ్చిందే అందుకు.”