పది నిమిషాల జరిమానా

ఫోన్ మోగింది. ఆమె పళ్లు కొరికింది.

నిమ్మకాయంత ఉక్కు గుండులో రెండు చెంచాల ద్రవం పోసి, బిగించి, మందపాటి అద్దం వెనకున్న పెట్టెలో పెట్టి గంట కూడా కాలేదు. ఐదు డిగ్రీలు వేడి చెయ్యాలి. ఇరవై నిమిషాలు ఆగాలి. చూడాలి. దానంతటది వేడెక్కకపోతే ఇంకో ఐదు డిగ్రీలు. ఏ రసాయనం ఎంత వేడి దగ్గర తిరగబడుతుందో, తిరగబడ్డాక లోపలి ఒత్తిడి ఎంతసేపట్లో పాత్రను పగలగొడుతుందో కనిపెట్టడం ఈ ల్యాబ్‌లో ఆమె పని. తిరగబడనంతసేపూ ‘నిద్రపోతోంది’ అంటారిక్కడ. తిరగబడితే ‘లేచింది’ అంటారు.

"ఏమైనా తేలిందామ్మా?" శాంపిల్ పంపిన ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. "నలభై నాలుగు దగ్గర ఏమైనా ఉందా?"

"ఇంకా నలభైలోనే ఉన్నానండీ. పరీక్ష మధ్యలో ఏమీ చెప్పకూడదు."

"కవర్లో అంతా రాశాం కదమ్మా..."

"కవర్లు నా దాకా రావు. అయ్యాక మేమే ఫోన్ చేస్తాం." పెట్టేసింది.

నిజంగానే రావు. శాంపిల్‌తో వచ్చిన ఉత్తరం సీలు విప్పకుండా ముందు గది గుమాస్తా సొరుగులోకి పోతుంది. పరీక్ష చేసేవాళ్లకు సీసా మీది నంబరు తప్ప ఇంకేమీ తెలియకూడదు. ఎవరిదో, ఎందుకో తెలిస్తే చెయ్యి తొందరపడుతుంది. ఆ పద్ధతి పెట్టించింది ఆమే.

మూడేళ్ల కిందట ఇలాగే ఒకాయన ఫోన్ల మీద ఫోన్లు చేసి ప్రాణం తోడేశాడు. లారీ గేటు దగ్గర ఉందన్నాడు. ఆమె ఇరవై నిమిషాలకు బదులు ఎనిమిదే ఆగింది. ఎనభై దాకా నిద్రే అని రాసిచ్చింది. అది ఫ్యాక్టరీలో అరవై ఐదులోనే లేచింది. రెండు చేతులకూ కట్లతో పడుకున్న మనిషిని చూడ్డానికి ఆస్పత్రికి వెళితే, అతని భార్య ఆమెను నర్సనుకుని, "ఈయన తన చేత్తో తాను ఎప్పుడు తింటారమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

తన తొందరకు ఇంకొకరి చేతులు కాలకూడదు. అందుకని ఎవరేమనుకున్నా సరే.

"ఫోన్ చేసినందుకు పది నిమిషాలు జరిమానా," అని గొణిగి, ఇరవైకి బదులు ముప్పై నిమిషాలు ఆగింది. ఆగడమంటే కూర్చోవడం కాదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది. గోళ్లు కొరికింది. మీటరు ముల్లు కదల్లేదు.

మళ్లీ ఫోన్. "నలభై తొమ్మిదిలో ఎలా ఉందమ్మా?"

"నలభై అయిదు తర్వాత యాభైయేనండీ. నలభై తొమ్మిదని మాకో మెట్టు లేదు."

పెట్టేసి ముందు గదిలోకి తల పెట్టింది. "బాబాయ్, ఈయనకేదో అంకెల పిచ్చి ఉన్నట్టుంది. లైను ఇవ్వకండి."

"ఇవ్వనంటే ఏడుపు గొంతు పెడుతున్నాడమ్మాయ్. నా వల్ల కావట్లేదు," అన్నాడు గుమాస్తా.

"గేటు దగ్గర లారీ ఉండుంటుంది. అందరిదీ ఒకటే పాట."

ఇంకో పది నిమిషాలు జరిమానా.

మూడోసారి ఆయన గొంతు బొంగురుపోయింది. వెనక ఎవరో కేకలు పెడుతున్నారు. "అమ్మా, యాభై అయిదు దాటితే..."

ఆమెకు ఒళ్లు మండింది. "ఇంకోసారి చేశారంటే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. మీ ఇష్టం."

ఆ మందు పనిచేసింది. తర్వాత ఫోన్ మోగలేదు. మూడో జరిమానా కూడా వేసి, హాయిగా ఊపిరి పీల్చుకుంది.

అరవైలో లేచింది.

ముందు అర డిగ్రీ. తర్వాత ఒకటి. తర్వాత రెండేసి. ఒత్తిడి ముల్లు వణికింది, పాకింది, పరుగెత్తింది. సరిగ్గా ముప్పావు గంటకు అద్దం వెనక ఢామ్మంది. ఉక్కు గుండు రెండు ముక్కలైంది.

ఈసారి నంబరు తప్పు కాదు. రిపోర్టు మీద సంతకం పెట్టి, తానే ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"అరవై అండీ. అరవై దాకా భయం లేదు. దాటిందంటే ఇక ఎవరి చేతిలోనూ ఉండదు, ముప్పావు గంటలో పేలుతుంది. దాని దరిదాపుల్లో మనిషన్నవాణ్ణి ఉంచకండి. ఆలస్యమైందని ఏమనుకోకండి, ఈ నంబరుకు మాత్రం తిరుగులేదు."

అవతల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"చల్లార్చే పంపు పాడైన మా ట్యాంకు అరవై దాటి అరగంటయిందమ్మా," అన్నాడాయన, "మీ నంబరు వచ్చేదాకా కదలొద్దని మా పైవాళ్లన్నారని మేం పదకొండు మందిమీ దాని మీద నీళ్లు కొడుతూ ఇక్కడే ఉన్నాం."