కాలుష్యానికి ఉదాహరణ

"ఆఫీసరు గారి ముందు పెద్దవాళ్ళ పేరెత్తినా, పెద్దవాళ్ళకేసి వేలు చూపించినా తోలు తీస్తాను. మర్యాద ముఖ్యం. తెలిసిందా?"

"తెలిసిందండీ!" ఎనిమిదో తరగతి ఒక్క గొంతుతో అరిచింది.

లోవరాజు మాస్టారు మాత్రం ఆ మాట ఇంకోసారి చెప్పించారు. కాలుష్యం పాఠం పిల్లల బుర్రకెక్కిందో, ఉత్తి నోటికే వచ్చిందో తేల్చడానికి విశాఖపట్నం నుంచి ఆఫీసరు వస్తున్నారు. పిల్లలు నోరు వెళ్ళబెట్టారంటే మాస్టారికి చింతపల్లి బదిలీ ఖాయం. ఆ కొండమీద చలంటే మాటలా? మాస్టారి భార్య అప్పుడే పుట్టింటికి పోతానని బట్టలు సర్దుకుంటోంది.

అందుకే మర్యాదలో లోటు రాకూడదని, మాస్టారు మర్నాడు తెల్లారకుండానే, రోజూలాగే బడి వెనక కాలవలోకి స్కూటరు దించి, సబ్బుతో తళతళలాడేలా తోమారు. కిరసనాయిలు కలిపిన పెట్రోలు నిండా పోయించారు. సైలెన్సరు ఎప్పుడో ఊడిపోయింది గానీ, దాని సంగతి చూడ్డానికి ఇప్పుడు తీరికెక్కడిది? ఆ బండి మీదే బస్టాండుకెళ్ళి, ఆఫీసరు గారిని భక్తిగా వెనక ఎక్కించుకొచ్చారు.

ఆఫీసరు దగ్గుకుంటూ క్లాసులోకి వచ్చారు. చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, "పుస్తకంలోది నాకొద్దు. రోజూ మీ కళ్ళెదుట కనబడేదే కావాలి. వాయు కాలుష్యానికి ఉదాహరణ?" అన్నారు.

పిల్లలందరూ మాస్టారి వైపు చూశారు.

"పోనీ, నీటి కాలుష్యానికి?"

మళ్ళీ మాస్టారి వైపే. ఆయన ఇబ్బందిగా కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు.

"శబ్ద కాలుష్యానికి?"

వెనక బెంచీ దొరబాబు లేచి నిలబడి మరీ మాస్టారిని చూశాడు.

"ఆయన్ని చూస్తారేం? ఆయన అందిస్తే తప్ప మీకు నోరు పెగలదా?" ఆఫీసరు గయ్యిమన్నారు. "ఒక్కరికీ ఒక్క ముక్క రాదు! మాస్టారూ, స్వెట్టరు కొనుక్కోండి."

బస్టాండులో దింపుతానని మాస్టారు వెంటపడినా, ఆఫీసరు చేతులెత్తి దండం పెట్టి నడిచే పోయారు.

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. క్లాసులో ఫస్టొచ్చే చిట్టిని పిలిచి, "నా కొంప ముంచారు కదే! తెలియకపోతే ఏదో ఒకటి వాగొచ్చుగా? నా మొహంలో ఏముందని చూశారు?" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చిట్టి బిత్తరపోయింది. "పెద్దోల్ల పేరెత్తొద్దన్నారు, ఏలు సూపించొద్దన్నారు కదండీ..."

"అయితే?"

"అందుకే కళ్ళతో సెప్పామండి."