గట్టి స్ప్రింగులు

ఆ సాయంత్రం ఉప్పుగూడలోని ఆ ఇంట్లో నలుగురున్నారు. లోపలి గదిలో మంచం మీద రంగనాయకి. ఆమె కాళ్ళ దగ్గర కోడలు రమాబాయి. పొయ్యి సంగతి మరిచిపోయి వంటింటి గడపలో నిలబడ్డ వంటమనిషి సుందరమ్మ. వరండాలో కూర్చోలేక, నిలబడలేక తిరుగుతున్న విఠల్‌రావు. అతను రంగనాయకి తమ్ముడు.

గేటు తోసుకుని మెకానిక్ భిక్షపతి వచ్చాడు. విఠల్‌రావు గబగబా ఎదురెళ్ళాడు.

"మెల్లగ మాట్లాడు. బండేది?"

"మీరు చెప్పినట్టే గల్లీ మొగదల బంద్ జేసి నడిచొచ్చిన సార్. ఛత్రినాక నుంచి మస్తు ఉరికింది. కానీ మల్ల చెప్తున్న, మంచి బండిని ఖరాబ్ చేసినం."

అది పాత స్టేషన్ వ్యాగన్. వెనక చెక్క తలుపులు, లోపల మెత్తటి సీట్లు. రంగనాయకి భర్త ముచ్చటపడి కొన్నాడు. ఆయన పోయాక షెడ్డులో దుమ్ము పట్టి ఉండేది. కొన్నాళ్ళ కిందట విఠల్‌రావు దాన్ని తాళ్ళు కట్టించి భిక్షపతి దగ్గరికి లాగించాడు. వెంటే ఒక లారీలో స్పోర్ట్స్ కారు సామాను దింపించాడు. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసు, స్ప్రింగులు, సైలెన్సరు. అన్నీ ఈ మధ్యే తయారైన కొత్త కారువే. మిగతా కారు ఏదని అడిగితే, "అది పనికిరాదు. ఇవన్నీ ఈ బండికి ఎక్కించు" అన్నాడు.

ఇంజను ఎందుకో భిక్షపతికి అర్థమైంది. బండికి పరుగు వస్తుంది. షాఫ్టును కోసి, అతికించి, వెనక ఇరుసుకు అందేలా పొడుగు చేశాడు. స్ప్రింగుల దగ్గరే అతనికి మనసొప్పలేదు.

"పల్లకి లెక్క పోయే బండి సార్ ఇది. ఈ గట్టి స్ప్రింగులేస్తే గుంత గుంతకు ఎగురుతది. పైగా ఇంత బరువు మొయ్యవు."

"వెనక సీట్లు పీకెయ్. బరువు తగ్గుతది."

సైలెన్సరుకు పగులుంది. వెల్డింగ్ పెడతానంటే విఠల్‌రావు అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"దాని జోలికి పోకు."

రేసుల పిచ్చి అనుకున్నాడు భిక్షపతి. ఈ వయసులో, అదీ అక్క బండితో. పెద్దమనిషి కదా అని నోరు మూసుకుని పని చేశాడు.

ఇప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాడు.

"అమ్మగారికి చెప్పిన్రా సార్?"

"చెప్పలేదు. తెలవొద్దు. తెలిస్తే గుండె తట్టుకోదన్నడు డాక్టరు."

భిక్షపతి తన అరచేతుల వైపు చూసుకున్నాడు. ఆ సీట్లు పీకింది తన చేతులే.

"మరి ఇంట్లకెందుకు తెమ్మంటున్రు? చప్పుడుకే పట్టేస్తరు గద. ఇన్నేండ్లు ఎక్కిన బండి. ఆమెకు ఎరుకుండదా?"

"అదే నా ఫికర్. పాత బండని ఆమె గుర్తుపట్టొద్దు."

అంతలో స్టేషను వైపు నుంచి గూడ్సు బండి కూత వినిపించింది. భిక్షపతి ముఖం వెలిగింది.

"మంచిగైంది సార్! ఈ లొల్లిల తెచ్చి షెడ్డుల పెట్టేస్త. ఎవ్వలకు వినపడదు."

విఠల్‌రావు అతని భుజం పట్టుకున్నాడు.

"వద్దు. రైలు పోనియ్యి."

"గదేంది సార్?"

"పోనియ్యి. అప్పుడు రా. గేటు ముంగట షాబాదు బండలున్నయి చూడు, వాటి మీది నుంచే ఎక్కించు. మెల్లగ గాదు. వరండా ముంగట ఆపి, ఒక్కసారి రేస్ చేసి బంద్ చెయ్యి. ఒక్కటే సారి. రెండోసారి చేసినవో, మునిగినం."

"ముసలామె పానం తోని ఆటనా సార్ ఇది?"

విఠల్‌రావు వెళ్ళి గేటు రెండు రెక్కలూ తెరిచి పక్కకు నిలబడ్డాడు.

గూడ్సు ఎంతకీ తెగలేదు. చివరి పెట్టె కూడా పోయి, గల్లీ మళ్ళీ నిశ్శబ్దమయ్యాక భిక్షపతి బండి ఎక్కాడు. స్టార్ట్ చేయగానే పగిలిన సైలెన్సరు గోడల మధ్య గరగరలాడింది. ఎవరింటి మీదో పావురాలు ఒక్కసారిగా లేచాయి. తిడుతున్నట్టు, మొక్కుతున్నట్టు ఏదో గొణుక్కుంటూ అతను గేటులోకి తిప్పాడు.

బండలు ధన్‌మన్నాయి. మళ్ళీ ధన్. ఎగిరి అతని తల కప్పుకు తగిలింది. వరండా ముందు ఆపాడు. ఒక్కసారి రేస్. బంద్.

సుందరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. విఠల్‌రావు కళ్ళు మూసుకున్నాడు. స్టీరింగు వదలడానికి కూడా భిక్షపతికి ధైర్యం చాలలేదు.

లోపలి నుంచి రంగనాయకి గొంతు వచ్చింది.

"రమా, మా పద్మనాభం కారే గద?"

"అవునత్తయ్యా."

"వాని కారు గాకపోతే ఇంకేది గట్ల దుంకుతది! ఏడున్నడంటే నెల దినాల సంది ఒకటే బెంగుళూరు, బెంగుళూరు అంటిరి." ఆమె చిన్నగా నవ్వింది. "ఏడాదాయె నాతోని మాటలు బంద్ జేసి. ఇప్పుడు మాత్రం ఈ గదిలకొచ్చి పలకరిస్తడా ఏంది? పలకరించకుంటే పాయె. కొడుకు ఇల్లు చేరిండు, నాకు గదే చాలు. పో బిడ్డా, వానికి అన్నం పెట్టు. ఇయ్యాల నాకూ నిద్ర పడతది."

రమాబాయి బయటికి వచ్చి, అత్తగారి గది తలుపు దగ్గరగా వేసి, ఆ గదిలోకి వెళ్ళేటప్పుడు మాత్రమే పెట్టుకుంటున్న కుంకుమను కొంగుతో తుడిచేసుకుంది.