నూటికి నూరు

"మళ్ళీ ఆ పేజీయే తెరిచారా?" అన్నాడు మేనేజర్, వెనక నిలబడి.

పంతులమ్మ తల తిప్పలేదు. ఫ్యాక్టరీలో పనివాళ్ళకు ఫోన్లో చూసే శిక్షణ కోర్సులు తయారుచేసేది ఆమే. అందుకే ఆమెకు ఆ పేరు. బెత్తం లేని పంతులమ్మ అని నవ్వేవాళ్ళు కూడా. ఈ మధ్య ఎవరూ నవ్వడం లేదు.

తెర మీద ఫిట్టర్ మార్కులున్నాయి. యంత్రాల భద్రత కోర్సు, నూటికి నూరు. అది పూర్తయిన పదకొండో రోజున, ఆగిపోయిన కన్వేయర్ బెల్టులో ఇరుక్కున్న రేకుముక్క తీద్దామని ఫిట్టర్ చెయ్యి పెట్టాడు. అవతలివాడు చూడక స్విచ్ వేశాడు. మనిషి దక్కలేదు. అతను మెయిన్ స్విచ్ ఆపలేదని, ఇంకెవరూ దాన్ని వేయకుండా తాళం వేయలేదని తర్వాత తేలింది.

"మనం నేర్పాం, అతను నేర్చుకున్నాడు. మార్కులే సాక్ష్యం. పొరపాటు అతనిదేనని రిపోర్టు వెళుతుంది. మీ సంతకం ఒక్కటే తక్కువ."

"మనం నేర్పలేదు సార్. నాలుగు జవాబుల్లో పొడుగ్గా ఉన్నది గుర్తుపెడితే ఎవరైనా పాసైపోతారు. వీడియో చూడకుండానే ముందుకెళ్ళిపోవచ్చు. తూతూమంత్రంగా చేశాను."

"కోరి నెత్తిమీదికి తెచ్చుకుంటానంటే ఎవరేం చేస్తారు?" అని అతను వెళ్ళిపోయాడు.

మూడు వారాలుగా ఆమె ఆ కోర్సును మొదటినుంచీ తిరగరాస్తోంది. ఇప్పుడు ఊరికే జవాబు నొక్కితే కుదరదు. బొమ్మలోని యంత్రాన్ని వరసగా, ఒక్క మెట్టూ తప్పకుండా ఆపాలి. తప్పితే మళ్ళీ మొదటికే. ఎంత బాగుచేసినా ఆమెకు ముద్ద దిగడం లేదు. పాత కోర్సు అతనికి ఏమైనా నేర్పిందా, లేదా? అది తేలకుండా ఆ కాగితం మీద పెన్ను పెట్టలేకపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఫిట్టర్ ఇంటికి వెళ్ళింది. రెండు గదులు. కిటికీ దగ్గర కుట్టుమిషన్, దాని మీద సగం కుట్టిన చొక్కా. ఫిట్టర్ భార్య కుర్చీ మీది గుడ్డముక్కలు తీసి ఆమెను కూర్చోమంది.

పంతులమ్మ తానెవరో చెప్పింది. "ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పండి. ఆ కోర్సు ఆయన శ్రద్ధగా చేశారా, ఊరికే నొక్కుకుంటూ పోయారా? ఊరికే నొక్కిందయితే నింద ఆయన మీద పడదు. నా మీద పడుతుంది. పడనివ్వండి."

ఆవిడ మిషన్ మీది చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఊరికే నొక్కింది కాదమ్మా. వీడియో మూడుసార్లు నడిచింది. అర్థం కానిచోట ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి చూసిందే."

"గుర్తుండేదా మరి?"

"గుర్తుండకేం? ముందు మెయిన్ ఆపాలి. ఎవరి తాళం వాళ్ళే వేసుకోవాలి. తాళంచెవి ఎవరికీ ఇవ్వకూడదు, జేబులోనే ఉండాలి. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి చూడాలి. కదల్లేదంటేనే చెయ్యి పెట్టాలి." ఎక్కం అప్పజెప్పినట్టు, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది.

పంతులమ్మ గుండెల మీది బండ దిగింది. దిగినందుకు ఆ క్షణమే సిగ్గు కూడా వేసింది. అయితే కోర్సు నేర్పిందన్నమాట. ఇంట్లో భార్యకు సైతం కంఠతా వచ్చేంతగా అతనికి వచ్చన్నమాట. మేనేజర్ మాటే నిజం. రేపు సంతకం పెట్టేయాలి.

"ఇంత బాగా మీకు చెప్పిన మనిషి, అన్నీ తెలిసీ చెయ్యి ఎలా పెట్టారో..." అంటూ లేచింది.

ఫిట్టర్ భార్య లేవలేదు. చొక్కా అంచును వేళ్ళతో నలుపుతూ ఉండిపోయింది.

"ఆ కోర్సు చేయాల్సిన రోజు రెండు డ్యూటీలు కలిపి చేసి వచ్చారమ్మా. సాయంత్రంలోగా కోర్సు పూర్తిచేయకపోతే మర్నాడు గేటు దాటనిచ్చేది లేదని మెసేజి వచ్చింది. ఫోను తెరిచి కూర్చున్నారు, కూర్చున్నచోటే నిద్రపోయారు. లేపడానికి నాకు మనసొప్పలేదు."

పంతులమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది.

"పరీక్ష రాసింది నేను."