ఎదురింటి కోడి

"కట్టు వదులైనట్టున్నది బిడ్డా," అంది ఎదురింటి లచ్చమ్మ, గుమ్మం ముందు గొంతుక్కూర్చుని కోడి కాలు తడిమి చూస్తూ. "జర మళ్ల చూపియ్యి."

చెప్పులు వేసుకుంటున్న జితేందర్ ఆగిపోయాడు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పొద్దున మొదటి క్లాసు అతనిదే. అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రం చూపిస్తానన్నాడు.

"సాయంత్రమా," అంది ఆమె. కొంగున కట్టి తెచ్చిన నూకలు కోడి ముందు పోసి, మెల్లగా మెట్లు దిగిపోయింది. ఆ ఒక్క మాటే అతనికి గుచ్చుకుంది. కోడిని అట్టపెట్టెలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయాడు. క్లాసుకు పోయేసరికి పిల్లలు సగం మంది వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు అతని చొక్కాకు అంటుకున్న ఈకను చూసి నవ్వారు.

జితేందర్, అతని భార్య శ్రీకళ కొన్నాళ్ల కిందటే ఎల్బీ నగర్‌లోని ఆ గల్లీకి కొత్తగా వచ్చారు. సామాన్లు ఇంకా సర్దుకోక ముందే ఒక పొద్దున జితేందర్ గేటులోంచి బండి వెనక్కి తీస్తుంటే చక్రం కింద ఏదో కీచుమంది. అతను దిగేలోపే ఎదురింట్లోంచి లచ్చమ్మ "అయ్యో కోడి" అంటూ పరుగెత్తుకొచ్చింది. కాలు వేలాడుతున్న కోడిని ఎత్తుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. దాన్ని అతని చేతుల్లో పెట్టి, "ఏం చూస్తున్నవ్ బిడ్డా, దవాఖానకు తీస్కపో," అంది.

డాక్టరు కాలికి పుల్లలు పెట్టి కట్టు కట్టాడు. వేళకు మందు వేయాలని, కాలు పట్టేదాకా తిరగనివ్వొద్దని చెప్పాడు. జితేందర్ నేరుగా లచ్చమ్మ గుమ్మం దగ్గరికే వెళ్లి, మీ దగ్గర ఉంచుకుంటారా అని అడిగాడు.

"మా ఇంట్ల జాగేది బిడ్డా, రెండర్రలల్ల అందరం పడుంటున్నం. నీ తాననే ఉండనీ. నేనొచ్చి చూసిపోత."

"దెబ్బ తగిలిచ్చినోళ్లే సాకాలె అంటున్నది, తెల్వట్లేదా," అని శ్రీకళ మొగుడికి అర్థం చెప్పింది. కాదనే ధైర్యం ఇద్దరికీ లేదు. పక్కింటివాళ్లతో నీళ్ల గొడవ వల్లే పాత ఇల్లు ఖాళీ చేశారు. గల్లీలో ఎవరితోనూ మాట రావొద్దని ఈ ఇంటి ఓనరు ముందే చెప్పి ఉన్నాడు.

అలా కోడి వాళ్ల బాత్రూంలో మకాం పెట్టింది. స్నానం చేయాలంటే ముందు దాన్ని వంటింట్లోకి మార్చాలి. వంటింట్లో అది బియ్యం డబ్బా పక్కనే రెట్ట వేసేది. మందు వేయడానికి ఒకరు ముక్కు తెరిచి పట్టుకుంటే ఇంకొకరు చుక్కలు పోయాలి. సగం మందు శ్రీకళ చీర మీదే పడేది. ఇంత చేసినా లచ్చమ్మ రోజూ వచ్చి చూసేది. నీళ్లగిన్నె కడిగారా అని అడిగేది. కింద గోనెసంచి పరవమనేది. కాలు వంకర రావొద్దని మళ్లీ మళ్లీ చెప్పేది.

కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. వాళ్ల గుడ్డు మనకెందుకని శ్రీకళ మొదటి గుడ్డును లచ్చమ్మకు పంపింది. లచ్చమ్మ వద్దు వద్దంటూనే తీసుకుంది. ఆ తర్వాత పెట్టిన ప్రతి గుడ్డూ ఎదురింటికే పోయింది.

"పెంచుడు మనకు, గుడ్లు ఆమెకు," అని శ్రీకళ పళ్లు నూరింది.

ఇంతలో తుర్కయంజాల్‌లో శ్రీకళ చెల్లెలి నిశ్చితార్థం వచ్చింది. ఇద్దరూ తయారై మెట్లు దిగుతుంటే లచ్చమ్మ ఎదురొచ్చింది.

"ఇద్దరు పోతున్నరా? మందు వేళకు పడకపోతే కాలు పట్టదు బిడ్డా. ఒక్కలన్న ఉండున్రి."

జితేందర్ కొత్త చొక్కాతోనే వెనక్కి తిరిగాడు. నిశ్చితార్థంలో అల్లుడేడని అడిగినవాళ్లందరికీ శ్రీకళ జ్వరమని చెప్పింది. అబద్ధమని తెలిసిపోయి మేనత్త మొహం తిప్పుకుంది. ఇంటికొచ్చి శ్రీకళ ఏడ్చింది. మరునాడు లచ్చమ్మ నూకలతో రాగానే ఆపుకోలేకపోయింది.

"దీనితోని మాకు పానం విసిగిందమ్మా. మేం మనుషులం కాదా?"

లచ్చమ్మకు కోపం రాలేదు. శ్రీకళ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "విసుగొస్తది బిడ్డా. అయినా ఇడిసిపెడ్తమా? నోరులేనిది," అంది.

ఆ మెత్తని మాటకు శ్రీకళకు ఇంకా మండింది. తిట్టినా బాగుండేదని రాత్రి మొగుడితో అంది.

చివరికి డాక్టరు కట్టు విప్పాడు. కోడి కొద్దిగా కుంటినా తన కాళ్ల మీద తానే నడిచింది. ఆ ఆదివారం శ్రీకళ బాత్రూం మూడుసార్లు కడిగింది. సాయంత్రం ఇద్దరూ కోడిని చంకనెత్తుకుని ఎదురింటికి వెళ్లారు.

వాళ్లను చూసి లచ్చమ్మ మొహం విప్పారింది. ఇన్నాళ్లకు మా ఇంటికి వచ్చారంటూ కుర్చీలు వేసి, కోడలితో చాయ్ పెట్టించింది. జితేందర్ కోడిని కింద వదిలాడు. అది వాకిలంతా తిరుగుతుంటే లచ్చమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

జితేందర్ చాయ్ తాగి లేచాడు. ఈ మాట అనడం కోసమే అతను ఇన్నాళ్లు ఎదురుచూశాడు.

"ఇగ మీ కోడిని మీకు ఒప్పజెప్తున్నమమ్మా. ఏమన్న తప్పయితే మాఫ్ చెయ్యి."

లచ్చమ్మ చేతిలోని చాయ్ గ్లాసు మధ్యలోనే ఆగింది. కోడి వైపు చూసింది. తర్వాత వాళ్లిద్దరి వైపు చూసింది.

"నాదేంది బిడ్డా, మీది గాదా?"